శంకు నత్తను ముట్టుకోవద్దన్న మాస్టారు

"మూడో అంతస్తు మాస్టారు ఇక లేరు" అని పోయిన మంగళవారం మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. ఆ వెంటనే వాటర్ ట్యాంకర్ ఆలస్యమని ఇంకో మెసేజ్. కంగారులో చాలామంది దండాలు ట్యాంకర్‌కే పెట్టారు. ఆయనే ఉంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

కాకినాడలో జువాలజీ చెప్పి రిటైరై వచ్చిన మనిషి. సముద్రం లేని ఈ ఊళ్లో ఆయన బెంగంతా శంకు నత్త అనే విషపు సముద్రపు నత్త మీదే. ఎవరైనా సూట్‌కేసుతో లిఫ్ట్ దగ్గరికొస్తే చాలు, "బీచికేనా అండి?" అని అడ్డంగా నిలబడేవారు. "చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. ముట్టుకున్నారో, విషపు పన్ను బాణంలా దించుతుంది. విరుగుడు మందు లేదండి." ఈలోపు కింద క్యాబ్ డ్రైవరు ఫోన్ల మీద ఫోన్లు.

వాచ్‌మన్ మాత్రం నమ్మేవాడు కాదు. "అది చేపల్ని తింటదంటరు. నత్త గంత నిదానం గద సార్, చేప ఆగుతదా?"

"చేప ఆగదయ్యా. అదే ఆపుతుంది."

ఒకసారి లాబీలోని పూల పళ్లెంలో ఎవరో అలంకారానికి గవ్వలు వేశారు. అందులో ఒక శంకు నత్త గుల్ల. మాస్టారు పట్టకారు తెచ్చి, లాబీకి తాడు కట్టి, అందరినీ వెనక మెట్ల మీదుగా పంపారు. హైటెక్ సిటీలో నా పొద్దుటి మీటింగు తప్పింది. తీరా చూస్తే గుల్లకు బెజ్జం ఉంది. ఏదో దండలోంచి ఊడిన పూస. "ఖాళీదేనండి, మంచిదే కదా" అన్నారు తాపీగా. నాకు ఒళ్లు మండింది. గ్రూపులో ఆయన మీద మొదటి జోకు నేనే వేశాను.

రెండు నెలల కిందట మా టీమ్ అండమాన్ వెళ్లింది. మోకాలి లోతు నీళ్లలో, గోధుమరంగు వల అల్లినట్టున్న గుల్ల కనబడితే వంగి చెయ్యి చాచాను. జానెడు దూరంలో దాని సన్నటి కొస నుంచి గొట్టం లాంటిది బయటికొచ్చి వెతుక్కుంటోంది. మాస్టారి గొంతు చెవిలో మోగినట్టయింది. చెప్పులు వదిలేసి పరిగెత్తాను. మా మేనేజరు షార్క్ అనుకుని నాకంటే ముందే ఒడ్డు చేరాడు.

తర్వాత దూరం నుంచి తీసిన దాని ఫోటో మాస్టారికి పంపి, క్షమించమని రాశాను. అప్పటికే ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. "ముందు వేళ్లు లెక్కపెట్టుకోండి" అని జవాబొచ్చింది. గ్రూపులో మాత్రం నేనా సంగతి రాయలేదు. పరువు అడ్డొచ్చింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది.

చర్చిలో పెట్టె పక్కన మాస్టారి భార్య, ఆంటీ, నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు పంపిన ఫోటో వార్డంతా చూపించారమ్మా. బీపీ చూడ్డానికొచ్చిన వాళ్లనీ వదల్లేదు."

అంతలో ఆ వార్డు నర్సులు ఇద్దరు వచ్చారు. "వచ్చే వారం వైజాగ్ పోతున్నం ఆంటీ. సముద్రం చూసుడు ఇదే ఫస్టు" అంది చిన్నామె. "ఏది కనవడ్డా చేతులు గిట్ల పెట్టుకొమ్మన్నరు సార్."

రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకుని చూపించింది. ఆంటీ ఏడుస్తూనే నవ్వేశారు. ఆ అమ్మాయి మాత్రం చేతులు అలాగే వెనక్కి కట్టుకుని, పెట్టెలో మాస్టారి వైపు చూస్తూ నిలబడింది.