దిగి తోసే మనిషి

సాక్చి బజారుకు వెళ్లే మినీబస్సులో మా ఆయన మోటార్ల దుకాణానికి ఫోన్ చేశాడు. నన్నూ పిల్లల్నీ ఇడ్లీ గిన్నెల్నీ మోసే మా మూడు చక్రాల తొక్కుడు బండికి కరెంటు మోటారు పెట్టించాలి.

“చిన్న మోటారు సాల్లే. భుయ్యాడీహ్ ఎత్తుకాడ మా ఇంటిది దిగి తోసేత్తాది.”

నాకు ఒళ్లు మండిపోయింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఆ ఎత్తు రోడ్డులో తోసింది నేనే.

ముందు సీట్లో ఎవరో పెద్దావిడ గిరుక్కున తిరిగి, ఆయన చేతిలోని ఫోన్ లాక్కుంది.

“ఏటి తోసేది? ఇదిగో బాబూ, పెద్ద మోటారే ఎట్టు. ఈ పిల్ల దిగదు.”

ఫోన్ నా ఒళ్లో పడేసి, తర్వాతి స్టాపులో దిగిపోయింది.

పెద్ద మోటారే పెట్టించాం. ఆ ఎత్తు దగ్గర ఆయన ఇప్పటికీ అలవాటుగా వెనక్కి చూస్తాడు. నేను కాలు మీద కాలేసుకుని కూర్చుంటాను.