గుమ్మం ముందు ఇరవై రెండు జతలు

ఏటా వేసవి టూర్లకు ముందు మా గుడివాడ ఆఫీసులో స్వెట్టర్ల ట్రంకుపెట్టె తెరుస్తాం. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. మండుటెండలో ఉన్ని స్వెట్టర్లు ఆరబెడుతుంటే ఎదురు టీ కొట్టు ఆయన ఏటా ఒకటే జోకు వేస్తాడు, నేనూ ఏటా నవ్వుతాను. మాతో విదేశాలకు వచ్చేవాళ్ళలో చాలామందికి స్వెట్టరుతో పని ఆ పది రోజులే. అందుకని వాళ్ళచేత కొనిపించకుండా మేమే ఇచ్చి తిరిగి తీసుకుంటాం. ఈ ఏర్పాటు దానియేలు గారిది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అయినా ఆ వాసన తగిలిందంటే, వెనకనుంచి "అమ్మాయ్, మనుషులందరూ ఎక్కారా?" అని ఆయన గొంతు వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను.

దానియేలు గారు పాతికేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశారు. రిటైరయ్యాక చర్చివాళ్ళను యెరూషలేము తీసుకెళ్ళడంతో మొదలుపెట్టి స్కాట్లండు దాకా వెళ్ళారు. మన ఊళ్ళకొచ్చి చదువు చెప్పిన దొరసానులు ఎక్కడివాళ్ళో ఒకసారి చూడాలని పెద్దవాళ్ళు అడగబట్టి ఆ టూరు పుట్టింది. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం. నేనేమో ఎమ్మే ఇంగ్లీషు. మాది తోట్లవల్లూరు దగ్గర పల్లె, కానీ నాన్న ఉద్యోగం మూలంగా బందరులో పెరిగాను. ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే బందరనే చెప్పేదాన్ని. పల్లె పేరు నా నోట వచ్చేది కాదు.

ఆయన దగ్గర గైడుగా చేరిన వారానికి నన్ను బందరులో ఒలందావాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, పాత సమాధుల దగ్గరికి తీసుకెళ్ళి, "నేను టూరిస్టుననుకో. చూపించు" అన్నారు. నేను ముందురోజంతా బట్టీపట్టి వచ్చాను. ఓడలు, వర్తకం, రాజులు అన్నీ కలిపి అరగంట దంచేశాను. ఆయన మాత్రం భుజం మీది కండువాతో ఒక సమాధి రాతి మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నారు.

"నువ్వు మాట్లాడుతుంటే రాయి కనపడట్లేదమ్మా."

"మరేం చెయ్యమంటారండీ?"

"అడుగు. చూడ్డానికొచ్చినవాళ్ళకి కూడా ఏదో ఒకటి తెలిసే ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. టిక్కెట్లు కొట్టిన మనిషి నాకు పాఠం చెప్పడమా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అనుకున్న మాట నిజం.

మొదటిసారి ఆయనతో స్కాట్లండు వెళ్ళినప్పుడు మేమిద్దరం కాక బృందంలో ఇరవై ఇద్దరున్నారు. వాళ్ళలో రత్తమ్మ గారు పామిడిముక్కల దగ్గర పల్లెనుంచి వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. ఊడుపులు ఊడ్చి, కలుపులు తీసి పిల్లల్ని చదివించారు. నర్సుగా చేస్తున్న కూతురు ఆవిణ్ణి ఈ ప్రయాణానికి పంపింది. రత్తమ్మ గారి అమ్మకు చదవడం నేర్పిన దొరసాని ఎడింబరోలో ఒక పెద్ద చర్చిలో ప్రార్థన చేయించుకుని బయల్దేరిందట. ఆ తల్లి బతికున్నన్నాళ్ళూ ఆ చర్చి గురించి కథలుగా చెప్పేదట. "మా అమ్మ తరఫున అక్కడ మోకాళ్ళూనాలమ్మా, అంతే. ఇంకేం చూడకపోయినా పర్లేదు" అని విమానంలోనే నాకు చెప్పారు.

ముందు గ్లాస్గో చేరాం. అక్కడొక మ్యూజియంలో పాతకాలపు పల్లె సామాన్లు పెట్టారు. నేను బోర్డు మీద రాసింది చదవబోతుంటే దానియేలు గారు చేత్తో ఆపి, రెండు గుండ్రటి రాళ్ళు చూపించి, "రత్తమ్మా, దీన్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగారు.

"తిరగలి! అయ్యో, పిడి ఊడిపోయింది చూడండి. పిడి లేకుండా ఎట్లా తిప్పుతారు?" అంటూ ఆవిడ నేల మీద చతికిలబడి, లేని పిడి పట్టుకుని పెసలు విసరడం మొదలుపెట్టారు. అక్కడి ఉద్యోగి వచ్చి ఆసక్తిగా చూశాడు. పక్కనే మావాళ్ళే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని మినుములకు ఎంతసేపు పడుతుందో వాదించుకున్నారు. నేను తర్జుమా చేస్తూనే, వీళ్ళు కొంచెం గొంతు తగ్గిస్తే బాగుండునని నాలుగువైపులా చూస్తున్నాను.

మర్నాడు ఎడింబరో. కోట దగ్గరనుంచి దిగే రాళ్ళ వీధిలో సన్నగా తుంపర పడుతోంది. అందరినీ చర్చి దగ్గర నిలబెట్టి, లోపలికి వెళ్ళే వేళలు కనుక్కోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు ఇరవై రెండు జతల బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. మేజోళ్ళు మడిచి వాటిలో దోపారు. మన చర్చిల్లో ఆదివారం పొద్దున ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఎవరో ఇద్దరు ఫొటోలు తీస్తున్నారు. ఒకమ్మాయి నవ్వుతోంది. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

"ఏంటండీ ఇది? ఇదేమన్నా మన పల్లె అనుకున్నారా? ఇక్కడ ఎవరూ విప్పరు. పరువు పోతోంది. ముందు బూట్లు వేసుకోండి!"

అందరూ తలలొంచుకుని వేసుకున్నారు. రత్తమ్మ గారు మాత్రం వేసుకోలేదు. తన బూట్లు తీసి చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో వీధిలోకి నడిచి, తడి బల్ల మీద కూర్చున్నారు. "మీరెళ్ళి రండమ్మా. నేను బయటే ఉంటాను" అన్నారు.

బస్సు డ్రైవరుతో మాట్లాడి దానియేలు గారు అప్పుడే వచ్చారు. "ఆవిడ బూట్లు చేత్తో ఎందుకు పట్టుకుంది?" అని అడిగారు. జరిగింది చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను. పక్కకు తీసుకెళ్ళి, చాలా నెమ్మదిగా మాట్లాడారు.

"వాళ్ళ ఊళ్ళో పెద్దకులాలవాళ్ళ వీధిలోంచి వెళ్ళాలంటే మనవాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాల్సిందే. ఆవిడ కొత్త కోడలుగా వచ్చినప్పుడు కూడా అట్లాగే నడిచింది. మా అమ్మా అంతే. మీ నాయనమ్మా అంతే అయ్యుంటుంది. ఎప్పుడన్నా అడిగావా?"

అడగలేదని తల ఊపాను.

"ఎవరి భయం లేకుండా, తనకి తానుగా విప్పుకున్నది చర్చి గుమ్మంలోనే. ఆ వీధివాళ్ళేమో విప్పమన్నారు. నువ్వేమో వేసుకోమన్నావు. ఆవిడ కాళ్ళు ఆవిడవి ఎప్పుడవుతాయమ్మా?"

అంతే అన్నారు. వంగి తన బూట్లు విప్పడం మొదలుపెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. నావి కూడా విప్పేసి, వెళ్ళి రత్తమ్మ గారి పక్కన కూర్చున్నాను. "పెద్దమ్మా, నాది తప్పు. లోపలికి రండి" అన్నాను. ఆవిడ నా ముఖం చూడలేదు, పాదాలు చూశారు.

"రాళ్ళు చల్లగా ఉన్నాయి. జలుబు చేస్తుందే నీకు."

"మీకు చెయ్యదా?"

"నేను బురదలో పుట్టి పెరిగినదాన్ని, నాకేమవుతుంది?" అని లేచి నా చెయ్యి పట్టుకున్నారు.

లోపల ఉద్యోగి ఒకాయన మావైపు వచ్చాడు. మా ఊళ్ళో చర్చికి ఇలాగే వస్తామని చెప్పాను. మా ఊరు అనే మాట క్షమాపణ లేకుండా ఇంగ్లీషులో అనడం అదే మొదలు. ఆయన తల ఊపి, బూట్లు వానకు తడుస్తాయేమో, లోపల పెట్టుకోమన్నాడు. అప్పటికి మిగతావాళ్ళు కూడా మళ్ళీ విప్పేశారు. నేనే అన్నీ మోసి లోపల పెట్టాను. రత్తమ్మ గారు మోకాళ్ళూని చాలాసేపు ఉన్నారు. తర్వాత చూడాల్సిన మ్యూజియం అప్పటికి మూసేశారు. దానియేలు గారు గడియారం వైపే చూడలేదు.

ఇంటికొచ్చాక నాయనమ్మను అడిగాను. "ఇప్పుడెందుకే ఆ మాటలు" అంది. తర్వాత దీపాలు పెట్టేదాకా చెబుతూనే ఉంది.

ఇప్పుడు బృందాలను నేనే తీసుకెళ్తున్నాను. ఆ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. నాకు ఉన్న జవాబు ఒకటే. కిందటేడు దివిసీమనుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగారు.

"బూట్లు విప్పాలామ్మా?"

"మీ ఇష్టమండీ."

"నా ఇష్టమా?"

"అవునండీ. మీ ఇష్టమే."

ఆయన తన కాళ్ళవైపు చూసుకున్నారు. కొత్త తోలు బూట్లవి. వంగి, రెండు లేసులూ విప్పి, మళ్ళీ గట్టిగా బిగించి కట్టుకున్నారు. చర్చి లోపల గోడ పక్క దారి ఖాళీగానే ఉంది. అయినా నడిమధ్య దారిలో, టక్కుటక్కుమని, ఆ చివరిదాకా నడిచారు. చప్పుడు ఆగేదాకా నేను గుమ్మంలోనే నిలబడి విన్నాను.