నలభై దాటని కారు

నేను కోతలు కోస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. తొంభైల్లో రేపల్లెలో మా నాన్నకి ఒక పాత చిన్న కారు ఉండేది. అది స్టార్టయితే బాపట్లలో పిల్లలు ఉలిక్కిపడేవాళ్లు, పొగకి కాకులు దారి తప్పేవి. చివరికి తెనాలి షెడ్డులో ఇంజను దింపించి, అరిగిన సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించాం.

మెకానిక్ తాళాలిస్తూ, "బాబాయ్ గారూ, వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా స్పీడు నలభై దాటనిచ్చారంటే ఇంజను పట్టేస్తదండి. మళ్లీ నా దగ్గరికే తోసుకుంటా రావాలి" అన్నాడు. నాన్న ఆ మాట కాగితం మీద రాసి స్టీరింగు పక్కన అంటించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చింది. వెనక సీట్లో అమ్మ ఒళ్లో పడుకోబెట్టి తెనాలి ఆస్పత్రికి బయల్దేరాను. మమ్మల్ని సైకిళ్లు దాటాయి, గడ్డిబండ్లు దాటాయి, ఒక చూడి గేదె కూడా దాటింది.

"తొక్కరా, తొక్కు!" అని అమ్మ ఏడుస్తోంది.

"నలభై దాటకురా, పిస్టన్లు పోతాయ్" అని నాన్న గొణిగాడు.

ఆస్పత్రి మెట్ల దగ్గరే డాక్టరు నాడి చూసి, పావుగంట ముందు తేవాల్సిందన్నాడు.

గేదె సంగతి మీరెలాగూ నమ్మరు. నేను నిజంగా కల్పించింది నాన్న మాట. దారి పొడుగునా ఆయన నోరు విప్పలేదు. ముల్లు నలభై దాటకుండా చూసుకున్నది నేనే.