వేడెక్కాక వినిపించిన చప్పుడు

1937 ఎండాకాలం. కర్నూలులో రంగారెడ్డి లారీ షెడ్డులో నేను ఫిట్టరుని. లారీలు తోలి తోలి విసుగెత్తిందో ఏమో, ఆయనకు మోటారు పందేల పిచ్చి పట్టింది. ఒక పాత కారు కొని, పైభాగమంతా కోయించి, బెంగుళూరు పందేనికి మన జిల్లా జట్టు పోతుందని ఊరంతా చాటాడు. జట్టంటే ఆయన డ్రైవరు, నేను మెకానిక్కు. పెట్టుబడి మాత్రం నందికొట్కూరులో నూనెమిల్లు నడిపే ఖాదర్ సాహెబ్‌ది. బండి పరుగు కళ్లారా చూశాకే మిగతా సొమ్ము ఇస్తానన్నాడాయన.

నా అనుమానం కనెక్టింగ్ రాడ్ మీద. పిస్టన్‌ను క్రాంకుతో, అంటే ఇంజనులో గిర్రున తిరిగే ఇరుసుతో, కలిపే కడ్డీ అది. దాని అడుగున ఉండే బేరింగు, అంటే రాపిడి తట్టుకునే మెత్తని లోహపు పట్టీ, అరిగిపోయింది. పందెం వేగంలో పోతే కడ్డీ విరుగుతుంది, ఇంజను పట్టేస్తుంది, బండి పల్టీ కొడుతుంది. కొత్త బేరింగు పందెంలోపు దొరికేది కాదు.

సాహెబ్ వచ్చే పొద్దున రంగారెడ్డి తన చేత్తోనే ఇంజనులో చిక్కటి ఆముదం పోశాడు. పందెం బండ్లకు ఆముదం వాడటం తప్పేమీ కాదు. కానీ ఆయన పోసింది అరిగిన బేరింగు చప్పుడు అణగడానికి.

"ఏసేపా, నోరు మూసుకోని ఉండు. రెండు సుట్లు తిప్పితే సాహెబ్ ఒప్పుకుంటాడు. పందెం అయినాక బేరింగు మారుస్తాం."

"అప్పటిదాకా నువ్వుండల్ల కదన్నా," అన్నాను. ఆయనకు ఒళ్లు మండింది.

వానల్లేక ఎండిపోయిన చెరువు అడుగే మా మైదానం. దుమ్ము రేపుకుంటూ రెండు చుట్లు దర్జాగా తిప్పి, ఇంజను ఆపకుండానే రంగారెడ్డి బండి దిగాడు. సాహెబ్ బానెట్టు దగ్గరికొచ్చి వాసన చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమప్పా ఏసేపు, బండి ఎట్లుండాది?"

నా కొలువు పోతే పోనీ అనుకున్నాను. రంగారెడ్డంటే నాకు ప్రాణం. ఆయన్ను పాడె మీద చూడలేను.

"సల్లగున్నప్పుడు శానా బాగుండాది సాహెబ్. ఇంగా వేడెక్కనీండి, అప్పుడు ఇనండి."

ఎవరూ ఇంజను ఆపలేదు. కాసేపటికి ఆముదం పలచబడింది, లోపల టకటకమని కొట్టుకోవడం మొదలైంది. రంగారెడ్డి తల దించుకున్నాడు.

"మిల్లు ఇంజను పక్కనే పండుకునేవాణ్ణప్పా నేను," అన్నాడు సాహెబ్. "ఈ సప్పుడు నాకు తెలీదా? ఆముదం వాసన రాంగానే అనుకున్నా."

"అయితే దుడ్లు ఇయ్యవా?" అన్నాడు రంగారెడ్డి.

"ఇస్తా. పందేనికి కాదు, బేరింగుకు. ఇంగ మీదట ఈ బండి కదలల్లంటే ఏసేపు తలూపల్ల."

రంగారెడ్డి చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. ఆ ఏడు పందెం మాకు లేదు. పెట్టుబడిదారు భయపడేది బండిలో లోపముందని కాదు, ఆ లోపం తనకు చెప్పేవాడు లేడని. నా పనిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే. ఆ తర్వాత ఏ బండి లోపాన్నీ నేను గుసగుసగా చెప్పలేదు.

మరుసటి ఏడు బెంగుళూరులో డ్రైవర్లందరూ జెండా పట్టుకున్న మనిషినే చూస్తున్నారు. మా రంగారెడ్డి నన్ను చూస్తున్నాడు. ఇంజను బాగా వేడెక్కేదాకా విన్నాను. తలూపాను. అప్పుడు గేరు వేశాడు.