వాల్‌నట్ తోట ఇంట్లో మా ఆయన కోసం పట్టిన కుర్చీ

నిజానికి ఈ ప్రయాణం నాది కాదు, మా ఆయన రమణది. మలేషియాలో పెరాక్ వైపు ఒక రబ్బరు ఎస్టేటులో పుట్టి పెరిగిన తెలుగువారు. ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చి పాతికేళ్ళయింది. బుకిట్ బటోక్‌లో పధ్నాలుగో అంతస్తులో మా కాపురం, రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ల మధ్య ఆయన కొలువు. "తలుపు తీస్తే నేల ఉండాల సుజాతా, లిఫ్టు కాదు లా" అని, అక్కడి వాళ్ళ అలవాటుగా మాట చివర ఒక 'లా' తగిలించి, అప్పుడప్పుడూ అంటుంటారు. కిందటేడు ఏదో వీడియోలో ఫ్రాన్స్ పల్లెటూళ్ళో వాల్‌నట్ తోట మధ్య ఒక రాతి ఇల్లు చూశారు. గది అద్దెకిస్తారు, రాత్రి భోజనం ఇంటావిడే వండి పెడుతుంది. మాకు పెళ్ళయి ఇరవయ్యేళ్ళు నిండుతున్నాయి కాబట్టి ఆరు నూరైనా వెళ్ళాల్సిందే అనుకున్నాం. నా పాస్‌పోర్ట్ ఇండియాది కనుక షెంగెన్ వీసా కోసం రెండు నెలల ముందు నుంచే తిరిగాను. ఆయనది సింగపూర్‌ది, వీసా అక్కర్లేదు. తీరా బయల్దేరే వారంలో ఆయన ఆఫీసులో సిస్టం మార్పిడి పని వచ్చిపడింది. "నువ్వు సోమవారమే పో. నేను బుధవారం రాత్రి ఫ్లైట్ పట్టుకుంటా" అన్నారు. వీసా కావలసిన మనిషిని వెళ్ళాను, అక్కర్లేని మనిషి ఆగిపోయారు.

సింగపూర్ నుంచి పారిస్‌కి నేరుగా విమానం ఉంది, అర్ధరాత్రి ఎక్కితే తెల్లారేసరికి దింపుతుంది. అక్కడి నుంచి ఆస్టర్లిట్జ్ స్టేషన్‌కి వెళ్ళి లిమోజ్ రైలు ఎక్కాలి. లిమోజ్‌లో చిన్న రైలుకు మారితే దోర్దోన్ జిల్లాలోని పెరిగ్యో వస్తుంది. రెండు రైళ్ళకీ కలిపి అయిదు గంటలు పట్టింది. ముందుగా కొంటే టికెట్ నలభై యూరోల్లోపే దొరుకుతుంది. పెరిగ్యో నుంచి ఆ ఊరికి బస్సు లేదు. టాక్సీ మాత్రం ముందే చెప్పి ఉంచుకోండి, డెబ్బై యూరోలవుతుంది. నన్ను ఎక్కించుకున్న పెద్దాయన నా వెనక్కి తొంగి చూసి "ఒక్కరేనా?" అన్నాడు.

"మా ఆయన గురువారం వస్తారు. అప్పుడూ మీరే రావాలి."

"నేను కాక ఇక్కడ ఇంకెవరున్నారు లెండి!" అని నవ్వాడు.

ఇల్లు వీడియోలో కన్నా బాగుంది. గది తలుపు తీస్తే మూడు గజాల అవతల తోట మొదలవుతుంది. అక్టోబరు మొదటి వారం కాబట్టి కాయలు రాలుతున్నాయి. ఇంటావిడ పేరు ఓదిల్, డెబ్బై దాటిన మనిషి. ఆవిడ ఇంగ్లీషు అంతంతమాత్రం, నా ఫ్రెంచి సున్నా. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని నెట్టుకొచ్చాం. గదికి, పొద్దుటి ఫలహారానికీ కలిపి రోజుకి ఎనభై యూరోలు, రాత్రి భోజనానికి మనిషికి ముప్ఫై. భోజనం అందరికీ ఒకే పెద్ద బల్ల మీద. నాతో పాటు బెల్జియం నుంచి వచ్చిన ఒక జంట ఉన్నారు.

ఆ మొదటి సాయంత్రమే నా సింగపూర్ బుద్ధి చూపించాను. మా హాకర్ సెంటర్లలో తిండి తెచ్చుకోవడానికి వెళ్ళేముందు కుర్చీ దగ్గర ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి వెళతాం. దాన్ని చోప్ చెయ్యడం అంటాం. ఇక ఆ చోటు జోలికి ఎవరూ రారు. భోజనానికి ఇంకా టైముందని చూసి, కిటికీకి ఎదురుగా ఉన్న మంచి కుర్చీ ముందు ఒక ప్యాకెట్, పక్కదాని ముందు ఇంకొకటి పెట్టి, స్నానానికి వెళ్ళాను. మా ఆయన వచ్చేసరికి మంచి చోటు చేజారకూడదని నా ఆరాటం. అలవాటు పడ్డ ప్రాణం మరి! తిరిగొచ్చేసరికి ముగ్గురూ నిలబడే ఉన్నారు. కిటికీ ఎదుటి కుర్చీ ముందున్న ప్యాకెట్‌ని చూస్తున్నారు. బెల్జియం ఆవిడ నా చెవిలో మెల్లగా చెప్పింది. అది ఓదిల్ గారి భర్త కుర్చీ. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఏటా వచ్చే వాళ్ళెవరూ అందులో కూర్చోరు.

నాకు తల కొట్టేసినట్టయింది. "క్షమించండి మదాం, మా దగ్గర ఇది ఇంకో మనిషి వస్తారని గుర్తు" అంటూ తియ్యబోయాను.

"ఎవరు వస్తారు?" అంది ఓదిల్.

"మా ఆయన. ఎల్లుండి."

ఆవిడ ప్యాకెట్‌ని ఉన్నచోటే ఉండనిచ్చి, దాని వెనక ఒక పళ్ళెం, గ్లాసు తెచ్చి పెట్టింది.

బుధవారం ఆవిడే తన పాత కారులో పక్క ఊరి సంతకు తీసుకెళ్ళింది. సంత మధ్యాహ్నం పన్నెండున్నరకే ఎత్తేస్తారు, తొమ్మిదికల్లా చేరుకోండి. బాతు మాంసం, మేక పాల జున్నుగడ్డలు, పుట్టగొడుగులు, మట్టి అంటిన ముల్లంగి ఉన్నాయి. సింగపూర్ సెరంగూన్ రోడ్డులో ములక్కాడలు బేరమాడే చెయ్యి కదా, ఊరుకోలేదు. ఓదిల్ నా చెయ్యి వెనక్కి లాగి "ఇక్కడ బేరం ఆడరు" అని కోప్పడింది. అక్కడి నుంచి వాల్‌నట్ నూనె ఆడే మిల్లుకు వెళ్ళాం. పప్పును దోరగా వేయించి రాతి గానుగలో నలుపుతారు. ఆ వాసన పీలుస్తూ, ఇది రేపు ఆయనకు మళ్ళీ చూపించాలి అనుకున్నాను. ఆ రోజంతా ఏది చూసినా అదే లెక్క. దగ్గర్లోని నది ఒడ్డున గుట్ట మీదున్న కోట దగ్గరికి కూడా వెళ్ళనన్నాను, ఆయనతో కలిసి ఎక్కాలని.

నాలుగింటికి ఫోన్ మోగింది. సింగపూర్‌లో రాత్రి పది. ఆయన చాంగీ ఎయిర్‌పోర్టులో ఉండాల్సిన సమయం. కానీ వెనకాల ఎయిర్‌పోర్టు సందడి లేదు, ఆఫీసు ఏసీ హోరు వినిపించింది.

"మాకాన్ అయ్యిందా సుజాతా?" అన్నారు. చెప్పలేని మాట ఉన్నప్పుడల్లా తిండి సంగతే అడుగుతారు.

"ఎక్కడున్నారు?"

"సిస్టం పడిపోయింది. లీవ్ కేన్సిల్. ఈసారికి అవదు లా." మళ్ళీ తనే, "అక్కడ నేల ఎలాగుంది?" అన్నారు.

నాకు కోపం రాలేదు. కోపమే వచ్చి ఉంటే బాగుండేది.

భోజనానికి వెళ్ళి "రావడం లేదు" అని చెప్పి, ప్యాకెట్ తీసుకోబోయాను. ఓదిల్ నా చెయ్యి పట్టుకుని ఆ కుర్చీ వెనక్కి జరిపింది. "మీరు కూర్చోండి." నేను వద్దన్నా వినలేదు. అక్కడి నుంచి గేటూ, దారీ, తోటలో మొదటి వరసా కనిపిస్తాయి. "చివరి ఏడాది మా ఆయన తోటలోకి నడవలేకపోయాడు. ఇక్కడ కూర్చుని, కాయలు సరిగ్గా ఏరడం లేదని అందరి మీదా అరిచేవాడు" అంది. "ఆ కుర్చీ చూస్తే పోయినవాడే గుర్తొచ్చేవాడు. నిన్నటి నుంచి ఎవరో వస్తారన్నట్టుంది. అలా బాగుంది." వెల్లుల్లి సూపు వడ్డించింది, వాసన అచ్చం మన చారులాగే ఉంది. ఇంక నాకు ఏడుపు ఆగలేదు.

ఆదివారం వచ్చేసే ముందు పొద్దున్నే గది గుమ్మంలో నిలబడి ఆయనకు వీడియో కాల్ చేశాను. ఇల్లూ చెట్లూ చూపిస్తుంటే "కిందికి దించు" అన్నారు. దించాను. "ఇంకా కిందికి." చివరికి ఫోన్‌ని గడ్డిలో పెట్టేశాను. "తడిగా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆ మనిషి మీద అంత బెంగ నాకెప్పుడూ కలగలేదు.

వెళ్ళాలనుకునే వారికి ఒక్క సలహా. అక్కడ గది దొరకడం కష్టం కాదు, రెండు నెలల ముందు రాస్తే చాలు. ఇద్దరి సెలవూ ఖాయమైతేనే బయల్దేరండి. లేదంటే రెండు టికెట్ల తేదీలూ మార్చుకోండి, పోయే డబ్బు పోనివ్వండి. నేను ఒక్కదాన్నే వెళ్ళి అన్నీ చూసొచ్చాను. నాకు బాగా గుర్తున్నది ఆయన లేకపోవడమే.