సిస్టరమ్మ ముందుగది

కొయ్యపీట మీద గాజు మూత ఆనినప్పుడు ఒక చిన్న చప్పుడవుతుంది. గిన్నె మీద మూత పెట్టినట్టు కాదు, ఇంకా మెత్తగా. మొన్న కరీంనగర్‌లో మా అమ్మాయి కొత్త ఇంటి ముందుగది సర్దుతుంటే ఆ చప్పుడు విన్నాను. గంట ఆకారంలో ఉన్న గాజు మూతలు తెప్పించుకుని, వాటి కింద ఎండుపూలు, గవ్వలు పేరుస్తోంది. ఇప్పుడు ఇదొక ముచ్చటట. నాకు మాత్రం ఆదిలాబాద్‌లో మేం అద్దెకున్న ఇల్లు, ఆ ఇంటి యజమానురాలు సిస్టరమ్మ గుర్తుకొచ్చారు.

ఆమె పేరు రూతమ్మ. మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు, మా పక్క వాటాలో ఒక్కరే ఉండేవారు. మా ఆయనకు జిన్నింగు మిల్లులో ఉద్యోగం దొరికి మేం ఆ ఊళ్లో కాపురం పెట్టినప్పుడు, నాకు తెలిసిన మనిషి ఆమె ఒక్కరే. మిల్లుల నుంచి ఎగిరొచ్చే పత్తి నూగు చలికాలమంతా మా కిటికీలకు అంటుకునేది. ఆమె ముందుగదిలోని గాజు మూతల మీద మాత్రం నిలిచేది కాదు, రోజూ తుడిచేవారు. అవి ఒకప్పుడు పాత గడియారాల మీద బోర్లించినవి. ఒకదాని కింద గిజిగాడి గూడు, ఒకదాని కింద బాసరలో ఏరిన గోదావరి రాళ్లు, మరొకదాని కింద ఎడ్లను పూజించే పొలాల పండుగనాటి మట్టి ఎడ్లు. "మధ్యల జాగ ఉండాలె బిడ్డా. ఇరికిస్తే ఏదీ కంటికి ఆనదు" అనేవారు.

హుస్నాబాద్‌లో మగ్గం నేసిన మా బాపు ఆ కాలంలోనే పోయాడు. అన్నలు మగ్గం విప్పేస్తుంటే నేను ఆయన నాడె ఒక్కటి అడిగి తెచ్చుకున్నాను. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తి పోగు వేసే కొయ్యముక్క అది. చీర మడతల్లో దాచాను. ఒకరోజు అది సిస్టరమ్మ కంటపడింది.

"ఎవరిదిది?"

"మా బాపుది. చూస్తే ఏడుపొస్తదని లోపల పెట్టిన."

"దాస్తే ఆగిందా మరి?"

ఆగలేదు. ఆమె ఒక మూత తెచ్చి ఇచ్చారు. నాడెను తిప్పి తిప్పి చూసి, బాపు వేళ్లు రాసుకుని నున్నబడ్డ వైపు బయటికి కనబడేలా మా ముందుగదిలో పెట్టారు. "గీ దిక్కే ఉన్నడు మీ బాపు" అన్నారు. మొదట్లో దాని ముందుకెళ్లకుండా పక్కనుంచి తప్పుకుపోయేదాన్ని. పోనుపోను, పొద్దున ఊడుస్తూ ఆయనతో రెండు మాటలు మాట్లాడుకోవడం అలవాటైంది.

కొన్నాళ్లకు భైంసా దగ్గరి ఊరినుంచి మా అత్తమ్మ వచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూనే నాడెను చూసింది. "పోయినోళ్ల వస్తువు ఎదురుంగ పెట్టుకుంటరా? ఇంటికి మంచిగాదు. తీసి వాగుల పారెయ్" అంది. మా ఆయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. "అవ్వ ఉన్నన్ని దినాలు తీసి లోపల పెట్టు" అన్నాడు మెల్లగా. ఒకసారి తీస్తే మళ్లీ పెట్టనిస్తారన్న నమ్మకం నాకు లేదు. అయినా తీసి, నాడె చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాను. సిస్టరమ్మ అంతా చూశారు, గొడవకు మాత్రం రాలేదు. "చాయ్ పెట్టిన, జర రా బాయీ" అని అత్తమ్మను తన ముందుగదిలోకి పిలిచారు. వెనకే మేమూ వెళ్లాం.

అన్నిటికన్నా చిన్న మూత దగ్గర అత్తమ్మ ఆగిపోయింది. దాని కింద పసిపిల్ల చేతికి కట్టే నల్లపూసలు.

"ఇవెవరియి?"

"నా చేతుల మీదనే పుట్టి, నా చేతులల్లనే పోయిన పిల్లయి. తల్లి ఇవి చూడలేక ఈడనే ఇడిసిపెట్టి పోయింది. నాకు పారేయ చేతులు రాలే."

అత్తమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"నాకు గూడ మొదాలు ఆడపిల్లే" అంది. "ఏడాది గూడ బతకలే. దాని బట్టలు, ఉయ్యాల అన్నీ మా అత్త వాగుల ఏసింది. మల్ల దాని ఊసెత్తద్దన్నరు. నా దగ్గర దానిది ఒక్కటి లేదు. నేనేం పెట్టుకోవాలె?"

"పేరు పెట్టిన్రా?"

"సుభద్ర."

"పేరున్నది గద బాయీ. చెప్పు, వింట."

అత్తమ్మ చెప్పింది. పాలకు ఎలా గోల చేసేదో, ఎవరెత్తుకుంటే ఊరుకునేదో, నవ్వితే ఎడమ బుగ్గ ఎలా సొట్టపడేదో. తనకొక అక్క ఉండేదని మా ఆయనకు అప్పటిదాకా తెలియదు. గోడకానుకుని అలాగే వింటూ, మధ్యలో "నా లెక్కనే ఉండెనా అవ్వా?" అని అడిగాడు. ఇంటికొచ్చాక అత్తమ్మ నా చేతిలోని నాడె తీసుకుని, తానే మూత కింద పెట్టింది.

సిస్టరమ్మ పోయి చాలా కాలమైంది. ఇల్లు సర్దుకోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నానంటే మా అమ్మాయి అందంగా పేర్చడం గురించి అనుకుంటుంది. అదీ నేర్చుకున్నాను. కానీ దాచిపెట్టినంత మాత్రాన దుఃఖం సద్దుమణగదని, నలుగురి మధ్య దానికింత చోటిస్తే అది మనతో కలిసి బతుకుతుందని ఆ గదిలోనే తెలిసింది.

మీకు మేనత్తలు ఎంతమందని ఎవరైనా అడిగితే మా పిల్లలు ఇద్దరని చెబుతారు. చిన్నామె నిర్మల్‌లో ఉంటుంది. పెద్దామె పేరు సుభద్ర, నవ్వితే ఎడమ బుగ్గ సొట్టపడేది.