నన్ను కూర్చోబెట్టిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది ఈ రోజుల్లో ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు, నాకు ఏడుపొచ్చేది. పిలిచారంటే ఏదో పని చెప్పబోతున్నారని అర్థం మరి!

నా పేరు సునీత. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉంటాం. అబిడ్స్‌లో ఒక స్కూల్లో పంతొమ్మిదేళ్లుగా రెండో తరగతికి చెబుతున్నాను. పగలు స్కూలు, సాయంత్రం ఇంట్లో ట్యూషన్, మధ్యమధ్యలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో జవాబులు, శనివారం స్త్రీల సమాజం, క్వైర్ ప్రాక్టీసు, ఆదివారం సండే స్కూలు, ఇవిగాక ఎవరింట్లో ప్రార్థన కూడిక ఉన్నా టీ కాచేది కూడా నేనే! ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఆ మాట ముందే చెప్పాలి. వాళ్లు అడగడం పూర్తికాకముందే నా నోట్లోంచి 'సరే' అని వచ్చేసేది. 'సునీతమ్మ లేకపోతే ఏదీ జరగదు' అని అందరూ అంటుంటే పైకి 'అయ్యో, నాదేముంది' అనేదాన్ని గానీ లోపల ఎంత పొంగిపోయేదాన్నో దేవునికి తెలుసు.

మెల్లగా నాలో ఏదో ఆరిపోయింది. ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినా పడుకోనట్టే ఉండేది. ఒక పాప నా బొమ్మ గీసి తెచ్చిస్తే దానివైపు చూడకుండానే నోటుపుస్తకాల కింద పెట్టేశాను, ఆ పాప ముఖం వాడిపోయినా నాకేమీ అనిపించలేదు. పాటలు పాడుతున్నాను, మాటలు నాకే వినిపించడం లేదు. అయినా రోజూ ఒకటే ప్రార్థన: "ప్రభువా, ఇంకొంచెం బలమివ్వు, ఈ ఒక్క నెల గడిపించు." అట్లా ఎన్ని నెలలు గడిచాయో!

ఒక సోమవారం పొద్దున అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర రోడ్డు దాటాలని నిలబడ్డాను. పంతొమ్మిదేళ్లుగా దాటుతున్న రోడ్డే. కాలు కదల్లేదు. నొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఊరికే కదల్లేదు, కన్నీళ్లు మాత్రం వాటంతటవే కారిపోతున్నాయి. అక్కడ జామకాయలమ్మే ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమైందక్కా? అర్ధగంట సంది చూస్తున్న, గిట్లనే నిలబడ్డవ్. జర కూసో."

నేనేమో రెండు నిమిషాలే అయిందనుకుంటున్నాను! "స్కూలుకు టైమైతుంది" అన్నాను.

"స్కూలు యాడికి పోతది? గాడనే ఉంటది. ముందుగాల నువ్వు కూసో" అని ఆమె గోనెసంచి పరిచి కూర్చోబెట్టింది, నీళ్లు తాగించింది, ఫోన్ చేయించింది. మా ఆయన ప్రభాకర్ హిమాయత్‌నగర్‌లో బట్టల షాపులో పనిచేస్తారు, ఉన్నపళంగా ఆటోలో వచ్చి నన్ను దవాఖానకు తీసుకెళ్లారు.

పరీక్షలన్నీ చేశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నమ్ముతారో లేదో, నాకు నిరాశ కలిగింది! ఏదో ఒక జబ్బుంటే సిగ్గుపడకుండా సెలవు పెట్టొచ్చు కదా అనిపించింది. డాక్టరమ్మ నన్నే చూస్తూ, "అమ్మా, ఏ పనీ లేకుండా మీరు చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు?" అని అడిగింది. నేను ఆలోచిస్తుంటే మా ఆయనే చెప్పారు.

"మా పాప పుట్టినప్పుడు, మేడమ్. గప్పుడు గూడ ఐదో రోజే పరీక్ష పేపర్లు దిద్దింది."

డాక్టరమ్మ నవ్వలేదు. "దీన్ని బర్నౌట్ అంటారు. ఇది బద్ధకం కాదు, భక్తి తక్కువై వచ్చిందీ కాదు. ఏళ్ల తరబడి అలసట పేరుకుపోయింది. మూడు వారాలు సెలవు పెట్టండి, మనసులోని బాధ వినే కౌన్సిలర్‌తో మాట్లాడండి, మళ్లీ నా దగ్గరకు రండి" అంది.

మూడు వారాలా! నా క్లాసు ఎవరు చూస్తారు, సండే స్కూలు ఎవరు నడుపుతారు అని ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా ఆయన మన పాస్టరమ్మ గారికి ఫోన్ చేశారు. ఆమె వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుని, ఏమని ప్రార్థన చేస్తున్నావని అడిగింది. చెప్పాను.

"సునీతా, ఎప్పుడు బలమే అడిగినవ్. విశ్రాంతి ఎన్నడన్న అడిగినవా? మన ప్రభువే అలిసిపోయి పడవల పండుకున్నడు, గంత గాలివానల గూడ పండుకున్నడు. ఆయన కంటె నీకు ఎక్కువ పనులున్నయా?"

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను. ఆమె నవ్వుతూనే చెయ్యి చాపి, "సండే స్కూలు బీరువా తాళాలు ఇటియ్యి" అంది. ఇచ్చేశాను, సహోదరులారా! ఆ సాయంత్రం మొదటిసారి వేరే ప్రార్థన చేశాను: "తండ్రీ, నేను లేకపోతే నీ పని ఆగిపోతుందనుకున్నాను, క్షమించు. నాకు ఊరికే కూర్చోవడం రాదు, నువ్వే నేర్పించు."

మొదటివారం పడుకుంటే తప్పు చేస్తున్నట్టుండేది, అయినా పడుకున్నాను. నా ఫోన్ మా ఆయన జేబులో ఉండేది, వంట కూడా ఆయనదే. ఆయన చేసిన కిచిడీలో ఒకరోజు ఉప్పు లేదు, ఒకరోజు ఉప్పు తప్ప ఏమీ లేదు, కానీ వేడివేడిగా, కూర్చుని, నిదానంగా తిన్నాను! మా అమ్మాయి కీర్తన పదో తరగతి, తన స్నేహితురాలితో వచ్చిన గొడవంతా గంటసేపు చెప్పింది, మొత్తం విన్నాను. చివర్న అది "మమ్మీ, నువ్వు మధ్యల ఒక్కసారి గూడ గడియారం చూడలే" అని నన్ను వాటేసుకుంది. స్తోత్రం ప్రభువా అని నా గుండెలో మళ్లీ పాట పుట్టింది!

మూడో ఆదివారం చర్చికొచ్చి వెనక వరుసలో కూర్చున్నాను. పక్క గదిలో పిల్లలు గొంతెత్తి పాడుతున్నారు. సండే స్కూలు చక్కగా నడుస్తోంది, నన్నెవరూ వెతకడం లేదు! అబద్ధమెందుకు, మొదట మనసు చివుక్కుమంది. నడుపుతున్నది ఎవరో కాదు, ఈమెకేం చేతనవుతుందిలే అని నేను అనుకున్న రాణి సిస్టరే. తర్వాత నవ్వొచ్చింది, ఆ నవ్వుతో ఎన్నో ఏళ్ల బరువు దిగిపోయింది.

ఇప్పుడు స్కూలుకు వెళ్తున్నాను. ట్యూషన్ మానేశాను, వాట్సాప్ జవాబులు సాయంత్రం ఆరు వరకే, సండే స్కూలు ఒక ఆదివారం రాణి సిస్టర్, ఒక ఆదివారం నేను తీసుకుంటున్నాం. కౌన్సిలర్ దగ్గరకు ఇంకా వెళ్తున్నాను, చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మొన్న క్రిస్మస్ నాటకం నన్నే చేయించమని అడిగితే "ఈసారి నేను చేయించను, కూర్చుని చూస్తాను" అన్నాను. నా జీవితంలో నేను ఒక పనిని కాదనడం అదే మొదటిసారి! ముందు వరుసలో కూర్చుని చూశాను. గొర్రెపిల్ల వేషం వేసిన పాప వేదిక మీదే నిద్రపోతే కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను.

నా ప్రియులారా, మీలో ఎవరైనా ఇప్పుడు నా మాటలు వింటూనే లోపల రేపటి పనులు వరుసపెట్టుకుంటున్నారేమో, వాళ్ల కోసమే దేవుడు నన్నిక్కడ నిలబెట్టాడు. అలసిపోయానని ఇంట్లో చెప్పండి, డాక్టరుకు చెప్పండి, ప్రభువుకూ చెప్పండి. బలం అడిగిన నోటితోనే విశ్రాంతి కూడా అడగండి, ఇస్తాడు, నాకిచ్చాడు! నేనైతే ఇంటికెళ్లి అన్నం తిని హాయిగా పడుకుంటాను, మీరూ పడుకోండి, ఆ కాసేపూ లోకాన్ని ఆయనే చూసుకుంటాడు. దేవునికే మహిమ!